ఎడమ స్టీరింగు దొరసాని

నేను ఒక కారును. చక్రాలు లేకుండా ఇటుకల మీద నిలబడ్డది ఈ మాట అంటే మీకు నవ్వొస్తుందని తెలుసు. నవ్వుకోండి, కానీ పూర్తిగా విన్నాక నవ్వండి.

నేను పుట్టింది పారిస్‌లో, సీన్ నది ఒడ్డున. నల్లటి ఒళ్ళు, నేలకు దగ్గరగా కూర్చున్న నడుము. గేరు రాడ్డు అందరికీ ఉన్నట్టు కింద కాదు, డాష్‌బోర్డులోంచి పొడుచుకొస్తుంది. ఒక ఫ్రెంచి అధికారి సవారీ కోసం ఓడెక్కి పుదుచ్చేరి, అక్కడినుంచి యానాం వచ్చాను. జెండా మారిన రోజున ఆయన తన కుక్కను వెంటబెట్టుకుని పోయాడు, నన్ను వదిలేశాడు. తర్వాత ఒక బట్టల కొట్టు ఆసామి నన్ను కొని పెళ్ళి ఊరేగింపులకు అద్దెకు తిప్పాడు. మొరాయించడం మొదలుపెట్టాక నా వెనక సీటు మీద కోళ్ళను పొదగేశాడు. వాళ్ళ మీద నాకు కోపం లేదు. వాళ్ళెప్పుడూ నన్ను ప్రేమించినట్టు నటించలేదు.

నా కోపమంతా భాస్కరం మేష్టారి మీదే.

ఆయన యానాం బళ్ళో ఫ్రెంచి చెప్పేవారు. కోళ్ళను దింపి, నన్ను ఎడ్లబండికి కట్టి ఇంటికి లాక్కెళ్ళారు. బోరు నీళ్ళు ఉప్పని, తాగే నీళ్ళతో నాకు స్నానం చేయించేవారు. తలుపుల రబ్బర్లకు కొబ్బరినూనె రాసేవారు. దొరకని సామాను కాకినాడ లేతు మిషన్ల దగ్గర కూర్చుని చేయించుకొచ్చేవారు. ఊళ్ళో ఫ్రెంచి మాట్లాడేవాళ్ళు ఒక్కొక్కరే తగ్గిపోయారు. అందుకని పొద్దున్నే నా బానెట్టు తట్టి, "బోంజూర్, దొరసానీ!" అని నాతోనే మాట్లాడేవారు. ఆ పిలుపుకి నేను పొంగిపోయేదాన్ని. మనిషి మాటకు పొంగిపోవడం ఎంత బుద్ధితక్కువో అప్పటికి నాకు తెలియదు.

ఇంకో సంగతి చెప్పాలి. నా స్టీరింగు ఎడమవైపు. మన రోడ్ల మీద బళ్ళు నడిచేదీ ఎడమవైపే. ముందు లారీ ఉంటే, దాని అవతల ఏమొస్తోందో నడిపే మనిషికి కనపడదు, కుడి సీట్లో కూర్చున్నవాళ్ళకే కనపడుతుంది. ఆ కుడి సీటు మేష్టారి భార్య వరహాలమ్మది. కొంగు బిగించి, కిటికీలోంచి తల బయటపెట్టి, "ఆగండాగండి, బస్సొత్తంది... ఆఁ, ఇప్పుడెల్లండి!" అనేది. ఇంట్లో ఏం కూర వండాలో కూడా మేష్టారే చెప్పేవారు. నాలో కూర్చున్నంతసేపు మాత్రం ఆవిడ వెళ్ళమనందే ఆయన ముందుకు కదిలేవారు కాదు. ఆవిడ గొంతు అంత గట్టిగా లేచేది నాలో ఒక్కచోటే.

ఇలా ఏళ్ళు గడిచాయి. నా ఒంట్లో సత్తువ తగ్గింది. అప్పుడొక రోజు లారీ మీద ఇంకో కారు దిగింది. అచ్చం నా పోలికే, నా చెల్లెలనుకోవచ్చు. కాకపోతే ఇంగ్లండులో బిగించింది, స్టీరింగు కుడివైపు. ఏదో ఎస్టేటు షెడ్డులో కదలకుండా పడి ఉందట.

"ఒకదానికే చాకిరీ చెయ్యలేక చత్తన్నాం. ఇదెందుకండీ?" అంది వరహాలమ్మ.

"దీని సామానంతా ఊడదీసి మన దొరసానికేత్తానే. మళ్ళీ కుర్రదైపోద్ది." నా బానెట్టు మీద చెయ్యేసి మరీ అన్నారు.

ఆ రోజంతా నేను గర్వంగా నిలబడ్డాను.

మర్నాడు మెకానిక్ జిలానీ వచ్చి నా కిందకు దూరాడు. స్క్రూడ్రైవరుతో అక్కడా ఇక్కడా పొడిచి, తుప్పు దులుపుకుంటూ లేచాడు. "ఇంజను బంగారమండీ మేష్టారూ. అడుగే ఉప్పుగాలి తినేసిందండి. ఈ రకం బండికి అడుగూ ఒళ్ళూ కలిపి ఒకటే కదండీ, అడుగు పోతే ఏదీ ఆగదు. దానివి దీనికెయ్యడం దండగండి. దీనివే దానికేసేద్దాం. స్టీరింగూ కుడివైపేనాయె, మీకు సుఖం."

మేష్టారు ఆ రెండో కారు చుట్టూ ఒకసారి తిరిగొచ్చారు. వద్దంటారని చూశాను. ఒక్కసారైనా నా వైపు తిరుగుతారని చూశాను.

"సరే, కానియ్," అన్నారు.

ఇంతదాకా మేష్టారు, మేష్టారు అన్నాను. ఇకమీదట భాస్కరం అంటాను.

ఇంజను పోయింది. దీపాలు, గడియారం, చక్రాలు పోయాయి. రెండు స్వరాల్లో పలికే నా హారను పోయింది. చివరికి ఒక పొద్దున భాస్కరం వచ్చి, దాని బానెట్టు తట్టి, "బోంజూర్, దొరసానీ!" అన్నాడు. పేరు ఊడదీయడానికి స్పానరు కూడా అక్కర్లేకపోయింది.

మొదటిసారి దాన్ని కాకినాడ తీసుకెళ్ళినప్పుడు వరహాలమ్మ అలవాటుకొద్దీ కుడి తలుపు తీసింది. "అటు కాదే, ఇటు," అన్నాడు భాస్కరం. సాయంత్రం తిరిగొచ్చాక దిగుతూ ఆవిడ అంది: "కోరంగి కాడ లారీ అడ్డొత్తే ఆగండన్నాను. నీకెందుకే, నాకు కనపడతందిగా అన్నారు."

"నిజంగానే కనపడిందే."

"నిజమేలెండి."

ఆవిడ కొంగు వదులు చేసుకుని లోపలికి వెళ్ళింది.

దసరా వచ్చింది. ఏటా ఆ రోజు నాకే పసుపు, కుంకుమ, బంతిపూల దండ. నా చక్రాల కిందే నిమ్మకాయలు. ఈసారి ఇంటి పక్క షెడ్డులోకి నన్ను నెట్టేస్తే, ఆ చీకట్లోంచి చూస్తూ నిలబడ్డాను. నా చక్రాలే నిమ్మకాయలు తొక్కాయి, కానీ వాటి మీద ఒళ్ళు నాది కాదు. గుమ్మడికాయ పగిలింది. అందరూ చప్పట్లు కొట్టారు.

కాసేపటికి వరహాలమ్మ షెడ్డులోకి వచ్చింది, చేతిలో మిగిలిపోయిన నిమ్మకాయతో. వంగి, చక్రం ఉండాల్సిన చోట ఇటుకలు చూసి, మళ్ళీ లేచింది. కుడి సీటును ఎలకలు కొరికాయని దాన్నొక్కదాన్నీ నాకు వదిలేశారు. ఆవిడ తలుపు తీసి అందులో కూర్చుంది. కొంగు బిగించి, అద్దంలేని కిటికీలోంచి తల బయటపెట్టింది. ఎదురుగా గోడ.

"ఏమీ రావట్లేదు," అంది మెల్లగా. "ఎల్లండి."

కదలాలని నాకెంత అనిపించిందో మీకు చెప్పలేను. ఆవిణ్ణి ఇంకాసేపు అక్కడే కూర్చోబెట్టుకోగలిగినా చాలనిపించింది.

అంతలో వీధిలో హారను మోగింది. రెండు స్వరాలు, ఒకదాని వెంట ఒకటి. వరహాలమ్మ ఉలిక్కిపడి, "వత్తన్నానండీ!" అంటూ దిగింది. నిమ్మకాయ సీటు మీదే ఉండిపోయింది.

అలా పిలిచి ఆవిణ్ణి నా దగ్గరనుంచి తీసుకుపోయింది నా గొంతే.