గేటు నుంచి మూడో బ్లాకు

చేతిలో ఉద్యోగం లేకుండా ఊరు మారేవాళ్ళంటే అన్నయ్యకు ఒళ్ళు మంట. సొంత చెల్లెలే సరిగ్గా ఆ పని చేసేసరికి ఆ మంట ఇంకాస్త పెరిగింది. ఒక పెట్టె, ఒక సంచి, సంచిలో బ్రష్షులూ రోలరూ పెట్టుకుని ఆమె బస్సు దిగి నేరుగా వాళ్ళింటికి వచ్చి, వచ్చేశానంది. ఆమె పని గోడలకు రంగులు వేయడం, తండ్రి దగ్గర నేర్చుకుంది. వాళ్ళ పాత ఊళ్ళో కొత్త గోడ లేచి ఏళ్ళయింది. ఉన్న గోడలకు రంగు వేయించే ఓపిక ఎవరికీ లేదు. ఇక్కడేమో ఎటు తల తిప్పినా సిమెంటు ఆరని మేడలే. ఇంకా ఆలోచించడానికి ఏముందని ఆమె వాదన.

అన్నయ్య ఫ్యాక్టరీ ఆఫీసులో పనిచేస్తాడు. ముందు ఉద్యోగం ఆర్డరు చేతికి వచ్చాక, ఆ తర్వాతే పెట్టె సర్దుకుని వచ్చిన మనిషి. భోజనం దగ్గర ఈ విషయం ఎత్తాడంటే చెయ్యి ఎండిపోయినా ఆపడు. ఊరు పెరుగుతోందని ఎవరో చెప్పగా విని పరిగెత్తుకొచ్చినవాళ్ళు, నెల తిరక్కుండా అదే బస్సెక్కి ఎలా వెనక్కి పోయారో ఒక్కొక్కరి కథా విడివిడిగా చెప్పేవాడు. అందులో అబద్ధమేమీ లేదు, అదే అసలు బాధ. ఆమె ఏ మేస్త్రీ దగ్గరికి వెళ్ళినా ఒకటే ప్రశ్న: ఇక్కడ నిన్ను ఎరిగినవాళ్ళెవరు? ఎవరూ లేరు. కాళ్ళరిగేలా తిరిగినా ఆ జవాబు మారలేదు.

అక్కడ పాత ఊళ్ళో ఆమె భర్త ఫ్యాన్లూ మిక్సీలూ బాగుచేసుకుంటూ, కూతుర్ని బడికి పంపుతూ ఈమె కబురు కోసం కాచుకుని కూర్చున్నాడు. ఇల్లు ఖాళీ చేస్తారో, ఉంటారో ఆదివారం లోపల తేల్చమని ఇంటాయన గడువు పెట్టాడు. ఆదివారానికి పని దొరికితే ముగ్గురూ ఇక్కడ. దొరక్కపోతే ఈమె వెనక్కి, మళ్ళీ ఆ గోడల్లేని ఊరికి.

శుక్రవారం ఒక మేస్త్రీ కాస్త మెత్తబడ్డాడు. గోడల కంటే తన జుట్టుకే ఎక్కువ శ్రద్ధగా రంగు వేసుకునే మనిషి. తాళంచెవి చేతిలో పెట్టి, గేటు నుంచి మూడో బ్లాకులో కింద ఎడమవైపు ఇల్లు, హాలుకు లేత పసుపు, పడగ్గదికి లేత నీలం వేయమన్నాడు. రేపు సాయంత్రం వచ్చి చూస్తాడట. నచ్చితే సోమవారం నుంచి పని, నచ్చకపోతే నమస్కారం.

ఆమె గోడౌన్ నుంచి డబ్బాలు మోసుకుంటూ గేటు దాటింది, మూడో బ్లాకులో ఎడమవైపు తలుపు తీసింది. తాళం నూనె రాసినట్టు తిరిగింది. లప్పం పెట్టి, ప్రైమరు కొట్టినట్టు తెల్లగా ఉన్న గోడలు రంగు కోసమే ఎదురుచూస్తున్నట్టున్నాయి. ఆ రెండు రోజులూ ఆమె పని చేసిన తీరు చూస్తే వాళ్ళ నాన్న బతికొచ్చి భుజం తట్టేవాడు. మూలల్లో బ్రష్షు, మధ్యలో రోలరు, ఒక పూత పూర్తిగా ఆరాకే రెండో పూత. కిటికీ చట్టం మీద ఒక్క చుక్క పడలేదు. సాయంత్రపు ఎండ హాల్లో పడేసరికి గోడలు అప్పుడే తీసిన వెన్నలా కనిపించాయి. తన పని చూసి తనే మురిసిపోయింది. మురిసిపోవాల్సిన పనే మరి.

మేస్త్రీ రాలేదు. ఫోను వచ్చింది.

"ఎక్కడున్నావమ్మా నువ్వు?"

"ఇంట్లోనే ఉన్నాను మేస్త్రీగారూ."

"నేనూ ఇంట్లోనే ఉన్నాను. గోడలు తెల్లగా మొహం వేలాడేసుకుని ఉన్నాయి."

ఆమె అనుమానంగా కిటికీలోంచి తల బయటపెట్టింది. ఆవరణకు అవతల ఇంకో బ్లాకు కిటికీలోంచి, చెవికి ఫోనుతో, నల్లటి జుట్టు తల ఒకటి బయటికొచ్చింది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు.

జరిగిందేమిటంటే, కొత్త రోడ్డు పడిందని శుక్రవారం పొద్దున్నే వెనకవైపు ఇంకో గేటు తెరిచారు. మేస్త్రీ లెక్క పాత గేటు నుంచి, ఈమె లెక్క కొత్త గేటు నుంచి. బ్లాకులన్నీ కవల పిల్లల్లా ఉన్నాయి, ఇంకా నంబర్లు రాయలేదు. మరి తాళంచెవి ఎలా పట్టింది? బిల్డరు చవగ్గా దొరికాయని అన్ని తలుపులకూ ఒకే రకం తాళాలు బిగించాడు. ఏ చెవి అయినా ఏ తలుపైనా తీస్తుంది. రోజుకో గేటు పుట్టుకొచ్చే చోట తప్ప ఇలాంటి పొరపాటు ఇంకెక్కడా జరగదు.

హాల్లో అడుగుపెట్టగానే మేస్త్రీ మొహంలో రంగు దిగిపోయింది. ఆ ఇల్లు ఒక నర్సుదట. తెలుపు తప్ప మరో రంగు వద్దని చెప్పిందట, రేపు పొద్దున్నే సామానుతో దిగుతోందట. తాళాల సంగతి బయటపడితే బిల్డరు అంతా తన మెడకే చుడతాడని అతని భయం. తాళంచెవి లాక్కుని, "నువ్వెవరో నాకు తెలీదు, నేనెవరో నీకు తెలీదు. పొద్దున బస్సెక్కి వెళ్ళిపో," అన్నాడు. ఎవరు వేశారని అడిగితే దయ్యాలు వేశాయంటాడు కాబోలు.

ఇంటికొచ్చి జరిగింది చెప్పేసరికి ఆమెకు ఏడుపొక్కటే తక్కువ. అన్నయ్య తిట్టలేదు. మెల్లగా, చిన్నప్పుడు జ్వరమొస్తే మాట్లాడినట్టు మాట్లాడి, వెళ్ళిపోవడమే మంచిదన్నాడు. అదే ఆమెకు తల కొట్టేసినట్టయింది. వదిన మాత్రం గిన్నెలు తుడుస్తూ ఒక్కటే అడిగింది.

"రంగు బాగా కుదిరిందా?"

"చాలా బాగా కుదిరింది వదినా."

"మరి పారిపోవడం దేనికి?"

ఆ మాట ఆమెను రాత్రంతా నిలవనియ్యలేదు. తెల్లారగానే బ్రష్షుల సంచి భుజాన వేసుకుని బస్టాండు వైపు కాదు, ఆ మూడో బ్లాకు వైపు నడిచింది. బస్సెక్కిద్దామని పెట్టె పట్టుకుని బయల్దేరిన అన్నయ్య, ఇటెక్కడికే అంటూ వెంటపడ్డాడు.

సామాన్ల లారీ అప్పటికే వచ్చి ఉంది. నర్సు తలుపు తీసి, హాలు మధ్యలో నిలబడిపోయింది. యాభై దాటిన మనిషి, నైటు డ్యూటీ దిగి నేరుగా వచ్చిన కళ్ళు. ఇది ఎవరి పని అని లారీవాళ్ళను అడుగుతోంది. వాళ్ళకేం తెలుసు?

"నా పనండీ," అంది ఆమె గుమ్మంలోంచి. గేట్ల గొడవ, తాళాల గొడవ ఏదీ దాచకుండా చెప్పేసింది. తెలుపు వేయమంటే ఈ రోజే మొదలుపెడతానంది. అన్నయ్య వెనక నిలబడి, భూమి చీలితే బాగుండునన్నట్టు చూస్తున్నాడు.

నర్సు గోడ మీద అరచెయ్యి ఆనించి హాలంతా ఒక చుట్టు తిరిగింది. నీలం గదిలోకి వెళ్ళింది, అక్కడ చాలాసేపు ఉండిపోయింది. బయటికొచ్చి పరుపుల మూట మీద కూర్చుంది.

"ముప్ఫై ఏళ్ళుగా తెల్ల గోడల మధ్యే పనిచేస్తున్నానమ్మా. అడిగితే ఎవరైనా రంగులు వేస్తారని నాకు తోచనే లేదు. ఈ గోడ ముట్టుకున్నావంటే ఊరుకోను."

అంతటితో ఆగితే బాగానే ఉండేది గాని, అసలు పండగ అప్పుడే మొదలైంది. తాళాల సంగతి విన్న పక్కింటాయన తన తాళంచెవితో ఎదురింటి తలుపు తీసి చూశాడు, తెరుచుకుంది. ఎదురింటావిడ పై అంతస్తుకు పరిగెత్తింది. కాసేపట్లో మెట్ల మీద జనం ఒకరి తలుపు ఒకరు తీసుకుంటూ, బిల్డరును తిడుతూ, మధ్యలో నవ్వుతూ హోరెత్తించారు. నెలల తరబడి ఒకే మెట్లు ఎక్కి దిగుతూ పలకరించుకోని మనుషులు వాళ్ళు, అందరూ వేరే ఊళ్ళనుంచి వచ్చినవాళ్ళే. ఒక ఇంటికి బదులు ఇంకో ఇంటికి రంగు వేసినావిడ ఎవరంటూ నవ్వడానికి నర్సు హాల్లోకి వచ్చారు. వచ్చినవాళ్ళు నవ్వడం మరిచిపోయి గోడల వంక చూశారు. మా ఇంటికెప్పుడు వేస్తావని మొదట అడిగింది ఎదురింటావిడ. తర్వాత ఎవరు అడిగారో ఆమెకు గుర్తులేదు, ఎందుకంటే అందరూ ఒకేసారి అడిగారు.

మధ్యాహ్నానికి ఆవరణంతా కోడై కూసింది. ఏ మేస్త్రీకీ తెలియని మనిషిని ఇప్పుడు చంటిపిల్లలు కూడా వేలు పెట్టి చూపిస్తున్నారు. నల్లజుట్టు మేస్త్రీ చెమటలు కక్కుతూ వచ్చి, ఈ అమ్మాయి మన మనిషేనండీ, నేనే పంపించానని అందరికీ చెప్పబోయాడు.

"నేనెవరో మీకు తెలీదు కదా మేస్త్రీగారూ," అంది ఆమె నవ్వుతూ. "తెల్ల గోడలు మీరు చూసుకోండి. రంగులు నేను చూసుకుంటాను." మెట్ల మీదున్నవాళ్ళు పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. ఇంత తృప్తిగా ఆమె జన్మలో ఒక మాట అనలేదు.

మెట్ల దగ్గరే నిలబడి భర్తకు ఫోను చేసింది. ఇల్లు ఖాళీ చేస్తున్నామని ఇంటాయనకు చెప్పేయమంది. కూతురు అవతల ఎగిరి గంతేసిన చప్పుడు వినిపించింది. భర్త మాత్రం తటపటాయించాడు. ఆమె పని సరే, తన పని మాటేమిటి? ఫ్యాన్లు బాగుచేసేవాణ్ణి అక్కడ ఎవరు పిలుస్తారు? ముందు ఏదైనా ఉద్యోగం చూసుకుని వస్తే నయం కదా? ఒకసారి బావతో మాట్లాడతానన్నాడు. ఇలాంటి విషయాల్లో బావ మాటంటే అతనికి గురి.

ఆమె ఫోను అన్నయ్య చేతికిచ్చింది. భోజనం దగ్గర రోజూ వినే పాఠం ఇప్పుడు మొగుడికి కూడా వినిపిస్తాడని మనసు రాయి చేసుకుంది. అన్నయ్య అవతలి మాటలన్నీ ఓపిగ్గా విన్నాడు. మెట్ల మీద చెల్లెలి చుట్టూ మూగిన జనాన్ని చూశాడు. పొద్దుటినుంచీ మోస్తున్న పెట్టెను కింద పెట్టాడు.

"ఉద్యోగం సంగతి తర్వాత చూద్దాం, ముందు నువ్వు పిల్లను తీసుకుని బయల్దేరు బావా," అన్నాడు. "ఇక్కడ నీకు ఎవరూ తెలియకపోవడమేమిటి? మా చెల్లెలుంది."