రెజీనా పట్టిన ఫ్లూక్

హెస్టర్ లీమింగ్ పళ్లెం అవతలికి తోసేసింది. వెన్నలో వేయించిన చేప ముక్క అంచు కూడా తుంపలేదు.

"ఈ చేప చచ్చి ఎన్నాళ్లయిందో దానికే గుర్తుండదు," అంది. "మంచులో పడుకోబెట్టి ఊళ్లన్నీ తిప్పి తెచ్చారు. నాకొద్దు."

"బజార్లో ఉన్నది అదే అమ్మా," అంది రెజీనా.

"బజార్లో ఉన్నదల్లా తినడానికి నేనేమన్నా రేవులో పిల్లినా?"

హెస్టర్ రెజీనాకి అత్తగారు. భర్త వారెన్ తల్లిని ఎలా పిలిచేవాడో, పెళ్లయిన కొత్త నుంచీ రెజీనా కూడా అలాగే పిలిచేది. వారెన్ పోయి రెండు చలికాలాలు దాటాయి. వాకిట్లో మంచు ఎత్తిపోస్తూ పార మీదే ఒరిగిపోయాడు. అతను పోయినా పిలుపు మారలేదు. ఇంట్లో మిగిలింది వాళ్లిద్దరే.

ఏప్రిల్లో వెనక మెట్ల మీద జారిపడి హెస్టర్ తుంటి విరగ్గొట్టుకుంది. ఆస్పత్రిలో ఇనుప కడ్డీ వేసి అతికించారు. బాగా తినాలి, రోజూ నడవాలి అని డాక్టరు చెప్పి పంపాడు. ఆవిడ తినదు, నడవదు. వాకర్‌ని గోడవైపు తిప్పి పెట్టి, కిటికీ పక్కన కూచుని ఇసుక దిబ్బల కేసి చూస్తూ ఉంటుంది. జూన్ ఆఖరుకొచ్చేసరికి మెడ కింద ఎముకలు తేలాయి.

హెస్టర్ కూతురు కోరిన్ డెలవేర్ నుంచి ఫోన్ చేసింది. "వచ్చే నెల్లో వచ్చి అమ్మని తీసుకెళ్లిపోతా రెజీనా. మా ఇంటి దగ్గర పెద్దవాళ్లని చూసుకునే చోటొకటి ఉంది. నువ్వు మాత్రం ఎన్నాళ్లని చేస్తావు? నీకూ ఓ బతుకుంది కదా."

మంచి మనసుతోనే అంది. కానీ ఫోన్ పెట్టేశాక రెజీనాకి నోరు చేదుగా అయింది. ఆ బతుకేదో ఎక్కడుందో ఆమెకి తెలియలేదు. పుట్టింది పెన్సిల్వేనియా బొగ్గు కొండల్లో. అక్కడిప్పుడు తనవాళ్లంటూ ఎవరూ లేరు. ఉద్యోగం ఈ సముద్రపు ఒడ్డు ఊరి బడి వంటింట్లో. పైగా ఇరవై ఏళ్లకి పైగా ఈ ముసలావిడతో కీచులాడుతూ బతికింది. రేపటి నుంచి ఎవరితో కీచులాడాలి?

బడికి సెలవులిచ్చిన మర్నాడు పొద్దున్నే వరండాలోకి వెళ్లి, గోడకున్న కొక్కేల మీంచి హెస్టర్ గాలం కర్ర దించింది.

కిటికీ లోంచి కేక వినిపించింది. "ఏయ్, కింద పెట్టు దాన్ని."

"మీరు బజారు చేప తినరు కదా. పట్టుకొస్తాను."

"నువ్వా? బొగ్గు తవ్వుకునే కొండోళ్లకి సముద్రం గురించి ఏం తెలుసు?"

"ఆ బొగ్గు తవ్వే మా నాన్న నన్ను పెంచాడు. నేలలో దాక్కున్నదాన్ని బయటికి లాగడం మా ఇంటి పనే," అంది రెజీనా, బకెట్టు అందుకుంటూ.

ఫ్లూక్ నేలలో దాక్కునే చేపే. ఎండాకాలం రాగానే ఒడ్డుకి దగ్గరగా వస్తుంది. పళ్లెంలా పల్చగా ఉండి, పక్కకి తిరిగి పడుకుని, రెండు కళ్లూ పైకి పెట్టి ఇసుక కప్పుకుంటుంది. ఆ ఊళ్లో పిల్లలు నడక తర్వాత నేర్చేది దాన్ని పట్టడమే. రెజీనాని మాత్రం ఇన్నేళ్లలో ఎవరూ పిలవలేదు. ఆమే అడగలేదు. తెచ్చింది వండిపెట్టింది.

మొదటి వారం ఆమెకి దొరికింది నాచు. పచ్చటి ఆకులాంటి నాచు గాలం నిండా చుట్టుకునేది. పడమటి గాలి వీచిన రోజున ఊరి వెనక ఉప్పు బురదల్లోంచి పచ్చతల ఈగలు దండెత్తి వచ్చి పిక్కలు రక్తాలు చేశాయి. ఒకరోజు రెక్కలున్న ఎర్రచేప ఒకటి పడి, గాలం తీస్తున్నంతసేపూ పొట్టలోంచి గుర్రుగుర్రుమని తిట్టింది. ఎర అమ్మే ఫ్లెచర్, ఎరకి స్క్విడ్ ముక్కలు పొట్లం కడుతూ, "రెజీనా, నీకు అమ్మీ అమ్మీ నాకే జాలేస్తోంది. ఎర తినేసి పోయే ఆ పీతలకి నువ్వు పెడుతున్నది పెళ్లిభోజనం," అన్నాడు.

"పెట్టనీ. పీతలు బలిస్తే అవీ వండుతా," అంది.

ఇంటికొస్తే హెస్టర్ తల తిప్పకుండా అడిగేది. "ఏం దొరికింది?"

"నాచు."

"పులుసు పెట్టుకో."

మర్నాడు మళ్లీ వెళ్లేది. మొండితనం ఆమెకి కొత్త కాదు. చిన్నప్పుడు వాళ్లమ్మ, "దీన్ని బావిలో తోసినా నీళ్లు తాగి పైకొస్తుంది," అనేది.

రెండో వారంలో ఒకరోజు రెజీనా తలుపు తీసుకుని వచ్చి, హెస్టర్ అడక్కముందే, "ఒకటి పడింది," అంది. "చిన్నది. రూల్ చెప్పే కొలతకి రాలేదు. వదిలేశాను."

హెస్టర్ తల ఇటు తిరిగింది. "ఎంతుంది?"

రెజీనా చేతులు చాపి చూపించింది.

"ఎక్కడ పడింది?"

"మోకాటి లోతు నీళ్లలో నిలబడి బాగా దూరం విసిరాను. అక్కడేం లేదు. దారం చుట్టేస్తుంటే ఆఖర్న, నా వెనక, ఒడ్డు దగ్గర పడింది."

హెస్టర్ కళ్లు మూసుకుని నిట్టూర్చింది. "రెండు వారాలుగా నువ్వు చేపల నెత్తిన నిలబడి సముద్రానికి రాళ్లు విసురుతున్నావన్నమాట. పెద్దదొచ్చి నీ కాళ్ల దగ్గరే పడుకుంటుందే. అల ఒడ్డుని తవ్విన పల్లం ఉంటుంది చూడు, అందులో. నీళ్లలోకి దిగొద్దు. పొడి ఇసుకలో నిలబడు."

"ఈ ముక్క ముందే చెప్పొచ్చుగా."

"నువ్వు అడిగావా?"

ఆ సాయంత్రం హెస్టర్ వంటింటి బల్ల దగ్గరికి తనే వచ్చింది, వాకర్ ఈడ్చుకుంటూ. గాలం కర్ర తెమ్మంది. దారం కొసని వంటింటి తలుపు కింద నుంచి అవతలికి పంపించి, తను అవతల కూచుని తలుపు వేసింది.

"కళ్లు మూసుకో," అంది తలుపు వెనక నుంచి. "నెమ్మదిగా లాగు. ఇదేంటి?"

దారం బరువుగా, ఒకే తీరుగా వచ్చింది. "చేప," అంది రెజీనా.

"తడి గిన్నెల గుడ్డ. నాచు కూడా అంతే, చచ్చినట్టు వస్తుంది. ఇప్పుడిది?"

టకటకమని కొట్టినట్టయింది. రెజీనా కర్ర ఒక్క గుంజు గుంజింది. తలుపవతల ఏదో పడి పగిలిన చప్పుడు.

"అది పిల్లచేప, లేకపోతే పీత. అంత హడావుడి చేసేది నీకు అక్కర్లేదు. కప్పు పగలగొట్టావు, పోన్లే. మళ్లీ."

ఈసారి దారం ఆగింది. అంతే. ఎవరో కొసని రెండు వేళ్లతో పట్టుకుని ఆలోచిస్తున్నట్టుంది. తర్వాత కొంచెం బరువు పెరిగింది.

"ఇది," అంది రెజీనా కళ్లు మూసుకునే.

"ఆఁ. ఇదే. ఇప్పుడు గుంజితే పోతుంది. ఎర కొస పట్టుకునుంటుంది, ఇంకా మింగలేదు. కర్ర ముందుకి వంచు, దారం కాస్త ఇవ్వు. తిననీ. తిన్నాక మెల్లగా ఎత్తు."

చీకటి పడేదాకా అదే ఆట. ఆ రాత్రి హెస్టర్ సూపు గిన్నె ఖాళీ చేసింది. ఇద్దరూ ఆ మాట ఎత్తలేదు.

"రేపు మీరూ రండి," అంది రెజీనా. "మన వీధి చివర దిబ్బ మీదకి చెక్కబాట ఉందిగా. కార్లో అక్కడిదాకా తీసుకెళ్తా. బాట చివర బల్ల మీద కూచుందురు."

"ఈ ఇనప మేకని తోసుకుంటూ ఊరందరి ముందూనా? నేను రాను."

రెండు రోజులు రాలేదు. మూడో రోజు రెజీనా వచ్చి, పల్లంలో దారం ఆగిందనీ, తను బాగానే కాచుకున్నాననీ, అయినా జారిపోయిందనీ చెబితే, "ఎలా ఎత్తావు? చూపించు. కాదు, అలా కాదు. అసలు నీ మోచెయ్యి ఎక్కడుంది?" అని ప్రశ్నల మీద ప్రశ్నలు వేసి, చివరికి విసుగెత్తి, "ఇంకోళ్ల నోటితో నేను చేపలు పట్టలేను. కారు తియ్యి," అంది.

ఆవిడ బల్ల మీద కూచుని అరవడం మొదలుపెట్టాక దక్షిణపు గాలి పట్టుకుంది. ఎండ మండిపోతున్నా నీళ్లు మాత్రం కాళ్లు కొంకర్లు పోయేంత చల్లబడ్డాయి. దక్షిణపు గాలి రోజుల తరబడి వీస్తే అడుగు నీరు పైకొస్తుంది. ఫ్లూక్ నోరు తెరవదు. రోజూ వెళ్లడం, రోజూ ఖాళీ బకెట్టుతో రావడం. ఫ్లెచర్ కూడా వేళాకోళం మానేశాడు. అది రెజీనాకి ఇంకా కష్టంగా తోచింది.

కోరిన్ ఆదివారం వస్తానంది. శుక్రవారం సాయంత్రం హెస్టర్ మెట్ల మీద నిలబడి చెంపకి తగిలే గాలిని చాలాసేపు చూసింది.

"తిరుగుతోంది," అంది. "తూర్పుకి. వెచ్చటి నీళ్లు తోసుకొస్తుంది. రేపు పోటు తగ్గి నీళ్లు వెనక్కి తియ్యడం మొదలయ్యే వేళకి మనం అక్కడుండాలి."

శనివారం పొద్దున అల మబ్బు రంగులో ఉంది. రెజీనా చెయ్యి ముంచి చూసింది. గోరువెచ్చన. పొడి ఇసుకలో నిలబడి, పల్లం వెంబడి ఏటవాలుగా విసిరింది. జింక తోక వెంట్రుకలు కట్టిన సీసపు గాలం, దానికి తెల్లటి స్క్విడ్ పీలిక. మెల్లగా లాగింది. నాచు. మళ్లీ విసిరింది. గుర్రుగుర్రుమనే ఎర్రచేప. మళ్లీ. భుజం నొప్పి మొదలైంది. వెనక నుంచి గాలిలో ముక్కలు ముక్కలుగా మాటలు వస్తున్నాయి. "మోచెయ్యి..." "నిదానం..." "నీ తొందర తగలెయ్య..."

దారం ఆగింది.

రెజీనా కర్ర ముందుకి వంచి దారం వదిలింది. కొస దగ్గర ఎవరో ఆలోచిస్తున్నారు. బరువు పెరిగింది. ఇంకొంచెం పెరగనిచ్చి, చేతులు రెండూ మెల్లగా పైకెత్తింది.

కర్ర వంగి అలాగే ఉండిపోయింది. తలుపు కింద ఇరుక్కున్నట్టుగా కింద ఏదీ కదల్లేదు. తర్వాత కదిలింది. తలని అటూ ఇటూ బరువుగా విదిలించిన దెబ్బలు మోచేతులదాకా తగిలాయి. ఒక్కసారిగా దారం లాక్కుంటూ సముద్రంలోకి పోయింది.

"పోనీ, పోనీ, తిరిగొస్తుంది," అని హెస్టర్ అరుస్తోంది.

పోయింది, వచ్చింది, మళ్లీ పోయింది. చివరికి అలల నురగలో గోధుమ రంగు వీపు ఒకటి తళుక్కుమంది. మూకుడు మీద మూతంత వెడల్పుంది. రెజీనా చేపని నీళ్లలోంచి లేపబోయింది.

"ఎత్తకు. తల బయటికొస్తే విదిలించుకుంటుంది. వెనక్కి నడువు. అలే తెస్తుంది దాన్ని. వెనక్కి, వెనక్కి."

గొంతు చాలా దగ్గర్నుంచి వినిపించింది. రెజీనా తిరిగి చూడలేదు, వెనక్కి నడిచింది. అల లేచింది, చేపని ఇసుక మీదకి జారవిడిచి వెనక్కి పోయింది. అదే క్షణాన గాలం ఊడి గాల్లోకి ఎగిరింది. చేప తోకతో ఇసుకని కొడుతూ నీళ్ల వైపు తిరిగింది.

రెజీనా కర్ర పడేసి దాని మీద పడింది. బోర్లా, ఉన్నపళంగా, రొట్టెల పిండి మీద పడ్డట్టు. వచ్చే అల ఆమె నెత్తి మీంచి పోయింది. ఉప్పునీళ్లు మింగింది. పొట్ట కింద చేప ఎగిరెగిరి పడుతోంది. వదల్లేదు.

"నోట్లో వేళ్లు పెట్టకు, పళ్లుంటాయి. మొప్ప కింద పట్టుకో."

పట్టుకుంది. మోకాళ్ల మీద పాకుతూ పైకొచ్చి చూస్తే, హెస్టర్ ఇసుకలో చతికిలబడి ఉంది. బల్లకీ ఆవిడకీ మధ్య వాకర్ ఇసుకలో దిగబడి పక్కకి ఒరిగి ఉంది. అక్కడ్నుంచి ఇక్కడిదాకా ఇసుకలో ఈడ్చుకుని వచ్చిన వెడల్పాటి జాడ.

"అమ్మా, మీ తుంటి."

"తుంటి ఎక్కడికీ పోదు, ఇనుముంది అందులో. చేపనిటు చూపించు." హెస్టర్ జానలతో కొలిచింది. రూల్ చెప్పే పొడుగు దాటి ఇంకో అరచెయ్యి మిగిలింది. ఆవిడ దాని చల్లటి వీపు మీద చెయ్యి వేసింది. తర్వాత రెజీనా మొహం కేసి చూసింది. జుట్టు నిండా నాచు, ముక్కు మీద ఇసుక.

"మావాడు ఉండుంటే," అంది హెస్టర్, "నవ్వలేక చచ్చేవాడు."

రెజీనాకే ముందు నవ్వొచ్చింది. నవ్వుతూనే ఏడ్చింది. హెస్టర్ ఏడవలేదు గానీ మొహం సముద్రం వైపు తిప్పుకుని చాలాసేపు ముక్కు చీదింది.

లైఫ్‌గార్డు ఒకతను పరిగెత్తుకొచ్చి లేపబోతే, "పనుంటే చూసుకో నాయనా, మేము కూచున్నాం," అని పంపేసింది. తర్వాత రెజీనా భుజం పట్టుకుని లేచింది. ఒకవైపు కోడలు, రెండోవైపు ఏమీ లేదు. నాలుగడుగులకోసారి ఆగుతూ, పళ్లు బిగించి, తిట్టుకుంటూ ఆ ఇసుకంతా నడిచింది. ఆస్పత్రి నుంచి వచ్చాక అంత నడవడం అదే మొదలు.

చేపని హెస్టరే వంటింటి బల్ల ముందు కూచుని కోసింది. బిస్కట్ల పొడి అద్ది వెన్నలో వేయించమంది. రెండుసార్లు వేయించుకుని తింది.

"కాస్త ఎక్కువ వేగింది," అంది ముళ్లు ఏరుతూ. రెజీనా ఇంకో ముక్క వడ్డించింది.

ఆదివారం మధ్యాహ్నం కోరిన్ వచ్చేసరికి ఇంటికి తాళం ఉంది. వీధి చివరికి వెళ్లి చూసింది. వాళ్లమ్మ టోపీ పెట్టుకుని బల్ల మీద కూచుని, వేసవికి వచ్చిన జనం ఇద్దరు ముగ్గురు ఆగి వింటుండగా, ఒడ్డున ఉన్న రెజీనా మోచేతిని తిడుతోంది. కోరిన్ పక్కన కూచుంది. ఆ పెద్దవాళ్ల చోటు గురించి తెచ్చిన కాగితాలు సంచిలోంచి తియ్యబోయి, తల్లి మొహం చూసి, ఆగింది.

"అమ్మా, మనం మాట్లాడుకోవాలి," అంది.

"నీళ్లు తియ్యడం అయ్యాక," అంది హెస్టర్ కళ్లు తిప్పకుండా. "ఇప్పుడు మాకు పనుంది."

ఆ సాయంత్రం కోరిన్ మిగిలిన చేప తిని, వాళ్లిద్దరూ గిన్నెలు ఎవరు కడగాలని వాదించుకుంటుంటే విని, తల్లిని ముద్దు పెట్టుకుని, ఒక్కతే కారెక్కింది. రెజీనా వీధి దాకా వచ్చి సాగనంపింది. పిక్కల మీద ఈగ కాట్లు దురద పెడుతుంటే గోక్కుంటూ లోపలికి నడిచింది.