కాగితం అంటించని పరీక్ష

మా అక్క కూతురు మొదటిసారి పైలట్ పరీక్ష తప్పింది ఒక కాగితం ముక్క వల్ల. బయట ఏమీ కనపడకుండా టోపీ పెట్టుకుని, ఎదురుగా ఉన్న డయళ్ళు మాత్రమే చూస్తూ విమానం నడపాలి. మధ్యలో పరీక్షాధికారి, రెక్కల వాలు చూపే డయల్ మీద కాగితం అంటించాడు. అది పాడైందనుకుని మిగతావాటితో నెట్టుకురావాలి. మా పిల్ల చూపు కాగితం మీదే అతుక్కుపోయింది. విమానం ఒరిగింది. సోమవారం మళ్ళీ రమ్మన్నారు. ఈసారీ తప్పితే, సరుకు విమానాల కంపెనీ తనకోసం ఆపి ఉంచిన ఉద్యోగం ఇంకొకరికి పోతుంది.

నేను ఎనిమిదో తరగతిలో బడి మానేసి, ఇరవై రెండేళ్ళుగా, తను నేర్చుకునే ఆ విమానాల షెడ్డులోనే రెంచీలు తిప్పుతున్నవాణ్ణి. నేను బాగుచేసినవన్నీ ఎగిరాయి, నేను తప్ప. శిక్షకుడు సెలవులో ఉన్నాడు కాబట్టి పిల్లకి నేను గుర్తొచ్చాను. "నువ్వు నేర్పు మామయ్యా" అంది.

అట్టపెట్టె కోసి ఆరు డయళ్ళు గీసి, వెనక నుంచి తిప్పేలా ముళ్ళు పెట్టాను. అక్క వంటింట్లో స్టూలు మీద కూర్చోబెట్టాను.

"వీటిలో ఒకటి చస్తోంది. ఏదది?"

"నువ్వు కాగితం అంటించలేదుగా."

"ఆకాశంలో ఎవడంటిస్తాడే? రెక్కల వాలు డయల్‌ని నడిపే గాలి పంపు పోతే, అది ఒక్కసారిగా చావదు. నంగనాచిలా మెల్లగా వాలుతుంది. నువ్వు దాన్ని నమ్మి విమానాన్ని ఒరిగించేస్తావు. పక్కవాటిని అడుగు, అవేమంటున్నాయో."

అక్క పొయ్యి దగ్గర్నుంచే, "మనుషుల్నీ అలాగే నమ్మడే మీ మామయ్య. అందుకే ఒంటరిగా మిగిలాడు" అంది.

"నువ్వు గిన్నె మాడకుండా చూసుకో అక్కా."

మూడో రోజుకి, నేను ముల్లు కదిపి పది లెక్కపెట్టేలోపే పట్టేసింది. జేబులోంచి కాగితం తీసి తనే అంటించి, "ఇక దీని మొహం చూడను" అంది.

సోమవారం నూనె గుడ్డ పట్టుకుని షెడ్డు గుమ్మంలో నిలబడ్డాను. గంటన్నరకి ఇద్దరూ విమానం దిగారు. పరీక్షాధికారి తిన్నగా నా దగ్గరికే వచ్చాడు.

"ఈ విమానం చూసేది నువ్వేనా?"

"నేనేనండి."

"నేనింకా కాగితం తీయనేలేదు. ఈ అమ్మాయే తన జేబులోది తీసి అంటించింది. ఇదేంటమ్మా అంటే, 'ఇది అబద్ధం చెప్తోందండి, పంపు పోయినట్టుంది' అంది. చూస్తే నిజంగానే పోయింది. మిగతా పరీక్షంతా ఆ డయల్ లేకుండానే నడిపింది. పాసైంది. పంపు సంగతి మాత్రం నేను రాయాలి."

"రాయండి సార్. మార్చమని నేను రెండుసార్లు రాశాను, ఆ రాతలు ఆఫీసు సొరుగులో నిద్రపోతున్నాయి. మీ రాతైనా చదువుతారేమో."

ఈలోగా పిల్ల వచ్చి, ఆ కాగితం ముక్కని నా చొక్కా జేబు మీద అంటించింది.

"ఇదేంటే?"

"నువ్వూ పాడైపోయావు మామయ్యా. ఎప్పుడూ లేనిది, ఇందాకట్నుంచీ నవ్వుతున్నావు."