తొక్తమిస్ పేరు

ముఖ్య అతిథికి పెట్టే గొర్రె తల పళ్లెం, పిల్లనడగడానికి వచ్చిన పెళ్లికొడుకు తండ్రి దౌల్‌బాయ్ ముందు పెట్టారు. ఆయన కత్తి అందుకుని నవ్వాడు. "కడుపు నిండితే మతి మందగిస్తుంది. ఒక్క పేరు కలిసినా పెళ్లి కుదరదు కదా, ఏడు తరాల తాతల పేర్లూ ఇప్పుడే చెప్పేసుకుందామా వియ్యంకుడుగారూ?"

టీ పోస్తున్న పెళ్లికూతురి నానమ్మ కున్‌సులు చెయ్యి ఆగింది. ఆ వచ్చినవాళ్లు, "మా తాతలదీ ఈ ఏటిగట్టే, పెద్ద కరువులో చైనా వైపు పారిపోయాం" అన్నప్పటినుంచీ ఆ ముసలామె ఈ మాటకే భయపడుతోంది.

దౌల్‌బాయ్ మొదలుపెట్టాడు. "మా నాన్న సగిందిక్. ఆయన తండ్రి తోలెబాయ్, ఆయన తండ్రి ఎసిర్‌కెప్, ఆయన తండ్రి తొక్తమిస్..."

కున్‌సులు కొడుకు, పెళ్లికూతురి తండ్రి ఒరిన్‌బెక్ మధ్యలోనే ఆపాడు. "ఏ తొక్తమిస్?"

"కుంటి తొక్తమిస్. తోడేలు కరిచి కుంటివాడయ్యాడు."

"మా అయిదో తాతా ఆయనే."

దౌల్‌బాయ్ కత్తి కింద పెట్టేశాడు. "అయితే మనం దాయాదులం. అన్నదమ్ముల పిల్లలకి పెళ్లేమిటి? దేవుడు ముందే కాపాడాడు."

కున్‌సులు వంటింట్లోకి వెళ్లింది. మనవరాలు అయ్‌గనిమ్ పిండి ముద్దను పిసుకుతూనే ఉంది.

"విన్నాను నానమ్మా. ఫర్వాలేదులే. లోకంలో మగాళ్లే కరువా?" అంది, తల ఎత్తకుండా. పిండిలో టపటపా నీళ్లు రాలుతున్నాయి.

కున్‌సులు గోడకు ఆనుకుంది. రెండేళ్ల కిందట, ప్రాణం పోయే ముందు భర్త బైమురాత్ ఆమె మణికట్టు పట్టుకుని చెప్పిన మాట గుర్తొచ్చింది. 'వాడికి చెప్పకు. వాడు తల దించుకోకూడదు.' ఏడు తరాలు తెలియనివాణ్ణి అనాథ అంటారు ఈ ఊళ్లో. చెబితే కొడుకు వంశం పోతుంది. చెప్పకపోతే ఈ పిల్ల బతుకు పోతుంది. అతిథుల దగ్గరికి తిరిగి వెళ్లింది.

"ఆగండి. మా ఆయన బైమురాత్‌ని తొక్తమిస్ వంశపు కొజాక్‌మెత్ పెంచాడు, కన్నది ఆయన కాదు. కరువు ఏట రైలు కట్ట పక్కన, చచ్చిపోయిన తల్లి దగ్గర దొరికాడు. నాలుగేళ్లవాడు. తన పేరొక్కటే తెలుసు."



"ఏమంటున్నావమ్మా?" అన్నాడు ఒరిన్‌బెక్. "నలభై ఏళ్లుగా ఆ పేర్లన్నీ నాచేత వల్లె వేయించారు కదే!"

దౌల్‌బాయ్ గడ్డం నిమురుకున్నాడు. "మావాడు పెంచాడు, బైమురాత్ మా తిండి తిన్నాడు. నన్నడిగితే మావాడే. కానీ మావాడంటే పిల్లనడగలేను. ఎవరి మనిషివో నువ్వే తేల్చాలి ఒరిన్‌బెక్. నేను తేల్చకూడదు."

ఒరిన్‌బెక్ బయటికి వెళ్లిపోయాడు. గుర్రం జీను బిగిస్తున్న చప్పుడు, తర్వాత గిట్టల చప్పుడు. పళ్లెంలో కొవ్వు గడ్డకట్టింది. టీ చల్లారింది. కున్‌సులు తలుపు వంక చూస్తూ కూచుంది. గడ్డి మైదానంలో పడిపోయాడేమో, ఇక తన ముఖం చూడడేమో అని వెయ్యి శంకలు. దౌల్‌బాయ్ రెండుసార్లు లేవబోయాడు. రెండుసార్లూ ఆమె, "ఇంకొక్క గిన్నె తాగండి" అని బతిమాలింది.

పొద్దు వాలేవేళకు ఒరిన్‌బెక్ వచ్చాడు. చొక్కా నిండా దుమ్ము. తల్లి వైపు చూడలేదు. నేరుగా అతిథి ముందు నిలబడ్డాడు.

"మా నాన్న బైమురాత్. ఆయన తండ్రి ఎవరో నాకు తెలియదు. నాకు తెలిసింది అంతే. ఇప్పుడు పిల్లనిమ్మని అడుగు."

దౌల్‌బాయ్ లేచి అతన్ని రెండు చేతులతో కావలించుకున్నాడు. సంబంధం ఖాయమైన గుర్తుగా వెండి కమ్మలు తీసి అయ్‌గనిమ్ చెవులకు తనే పెట్టబోయి, కొక్కెం పట్టుపడక, కున్‌సులు చేతికిచ్చాడు.

అతిథులు వెళ్లాక ఒరిన్‌బెక్ పొయ్యి దగ్గర కూలబడ్డాడు. 

"ఏ రైలు కట్ట అమ్మా?"

"అయగోజ్ ఊరి వైపని మీ నాన్న అన్నాడు."

"ఆ తల్లి పేరు?"

"అమ్మ అనే పిలిచేవాడట. పేరు తెలియదన్నాడు."

"ఇంకా?"

ఆమెకు తెలిసింది అక్కడితో సరి. కొడుకు మాత్రం ఆమె నోటి వంకే చూస్తున్నాడు.