మారుతాళం

"నేను కొనుక్కున్న తాళానికి మీరు మారుతాళం ఎందుకు చేశారు? అది చెప్పండి ముందు," అంది మా అమ్మాయి. పొద్దుటి నుంచీ అదే ప్రశ్న. వంటింట్లో ఒకసారి, వరండాలో ఒకసారి, ఇప్పుడు టీవీకి అడ్డంగా నిలబడి.

"చెయ్యకపోతే? రేపు నీ తాళంచెవి ఎక్కడో పారేసుకుంటే తలుపు పగలగొట్టుకుంటామా?" అన్నారు మా ఆయన, ఆమె పక్కనుంచి తెర మీదకి తొంగి చూస్తూ.

"పోతే నా తిప్పలేవో నేను పడతాను."

"పడతావులే. కళ్ళజోడు నెత్తిన పెట్టుకుని ఇల్లంతా వెతికే వంశం మనది."

"నా గురించేనా?" అన్నారు మా అత్తగారు, కళ్ళజోడు సర్దుకుంటూ.

"కాదత్తయ్యా," అన్నాను. ఆవిడ గురించే.

మాది తాళాల పని. ముందు గది దుకాణం, వెనక ఇల్లు. హాలు గోడకి ఒక చెక్కపలక ఉంది, దాని నిండా మేకులు. బీరువా, డాబా తలుపు, స్కూటరు, అత్తగారి పెట్టె... ఇంట్లోకి ఏ తాళం వచ్చినా ఆ రోజే దానికి మారుతాళం తయారై, చిన్న అట్టముక్కతో ఆ పలక మీదకి చేరుతుంది. మా మామగారు పెట్టిన పద్ధతి. ఆయన పోయినా పలక పోలేదు.

కిందటి వారం అమ్మాయి తన గదికి కొత్త తాళం కొనుక్కొచ్చి, దుకాణంలో స్క్రూడ్రైవరు తీసుకుని తనే బిగించుకుంది. మా ఆయన చూసి మురిసిపోయారు. "వంకర లేకుండా బిగించావే!" అని మెచ్చుకుని, ఏ రకమో చూస్తానని తాళంచెవి అడిగి తీసుకున్నారు. టీ తాగేలోపు తిరిగిచ్చేశారు. ఆ కాసేపట్లో పక్కన తాళంచెవులు కోసే మిషను తిరిగిన చప్పుడు నేనూ విన్నాను. నాకూ వింతగా అనిపించలేదు. 'అమ్మాయి గది' అని రాసిన అట్టముక్క ఇవాళ పొద్దున డాబా తాళం కోసం వెళ్ళిన అమ్మాయి కంట పడింది.

ఆయన దొంగచాటుగా చేసింది కాదు. అలా అయితే ఎక్కడో దాచేవారు. అందరికీ కనిపించేలా మేకుకి తగిలించారంటేనే మనసులో ఏమీ లేదని తెలుస్తోంది కదా అన్నాను అమ్మాయితో.

"అదేనమ్మా నా బాధ. ఆయనకి అసలు తట్టనే లేదు," అంది.

వాళ్ళ కాలేజీ ఊరికి అటు చివర. దాని పక్కన హాస్టల్లో ఉండే స్నేహితురాలి గదిలో ఒక మంచం ఖాళీ అయిందట. వచ్చేదీ రానిదీ రేపటిలోగా చెప్పాలట. "బస్సు బాధ తప్పుతుంది," అంది అమ్మాయి ఉప్మా తింటూ. బస్సు గురించి కాదని నాకు తెలుసు. ఆయనకీ తెలుసు. అందుకే పలహారం అవగానే సినిమా పెట్టుకున్నారు.

ఆయనకి ఒకే రకం సినిమా కావాలి. కూతుర్ని ఎవరో ఎత్తుకుపోవాలి, తండ్రి వెళ్ళి తెచ్చుకోవాలి. కార్లు తగలబడాలి. ఏ దేశానిదైనా, ఏ భాషదైనా ఫర్వాలేదు. మధ్యలో ఎవరైనా తలపిన్నుతో తాళం తీస్తే మాత్రం ఊరుకోరు. "ఆ తాళం పిన్నుకి రాదయ్యా, ఎవర్ని మోసం చేస్తావు?" అంటారు. ఆ వెంటనే హీరో మూడో అంతస్తు మీంచి దూకి లేచి పరిగెత్తితే నోరు తెరుచుకుని చూస్తారు. హీరో ఈయన ఈడువాడే. ఈయనకేమో మోకాలి నొప్పి, స్కూటరు మీద నా వెనక కూర్చుంటారు. అత్తగారికీ ఇవే ఇష్టం. ఎన్నిసార్లు చూసిన సినిమా అయినా, "వెనకాల, వెనకాల చూసుకో నాయనా!" అని హెచ్చరిస్తూనే ఉంటారు.

బట్టలు మడతపెడుతూ నేనూ చాలా చూశాను. మొదట్లో ఆ తండ్రి ఎందుకూ పనికిరానివాడు. పిల్ల పుట్టినరోజుకి ఆలస్యంగా వస్తాడు, తెచ్చిన బొమ్మ అది ఎప్పుడో ఆడుకోవడం మానేసిన బొమ్మ. ఏం మాట్లాడాలో తెలియక నీళ్ళు నములుతాడు. పిల్లని ఎత్తుకుపోయాక గానీ అతనికో పని దొరకదు. అక్కణ్ణించి ఇక తడబాటు ఉండదు. ఏ వీధి, ఏ తలుపు, ఎవణ్ణి కొట్టాలి, అన్నీ తెలిసిపోతాయి.

"ఆ పిల్లకి సినిమా మొత్తం మీద రెండే మాటలు నాన్నా," అంది అమ్మాయి, టీవీ ముందునుంచి తప్పుకుంటూ. "'నాన్నా', 'వచ్చావా నాన్నా'. అంతే. దానికేం కావాలో ఎవరూ అడగరు."

"రక్షించమంటోందిగా!"

"మీకు అదొక్కటే వినపడుతుంది," అని గదిలోకి వెళ్ళిపోయింది. లోపల తాళం తిరిగింది. మా ఆయన టీవీ చప్పుడు కొంచెం పెంచారు.

అంతలో ఫోను. నాలుగు వీధుల అవతల ఒక ఇంట్లో చిన్నపిల్ల పడగ్గదిలోకి వెళ్ళి తాళం తిప్పేసుకుందట. తల్లి ఏడుస్తూ మాట్లాడుతోంది. మా ఆయన సినిమా అక్కడే ఆపి సంచీ అందుకున్నారు. నేను స్కూటరు తీశాను.

మెట్లెక్కుతుండగానే దబ్ దబ్ అని చప్పుడు. పిల్ల తండ్రి, కుర్రాడే పాపం, అరుస్తూ భుజంతో తలుపుని గుద్దుతున్నాడు. గుద్దిన ప్రతిసారీ లోపల్నుంచి ఏడుపు పెద్దదవుతోంది.

"ఆగు బాబూ, ఆగు," అన్నారు మా ఆయన. "పాప తలుపుకి ఆనుకుని ఉంటే?"

అతను తలుపు దగ్గర్నుంచి వెనక్కి తగ్గాడు. ఆ మాట అతనికి తట్టనే లేదని మొహంలో కనిపించింది. భుజం అప్పటికే కమిలిపోయి ఉంది.

మా ఆయన గోడ పట్టుకుని, మూలిగి, నెమ్మదిగా నేల మీద కూర్చున్నారు. తాళం రంధ్రంలోకి చూశారు. లోపలి వైపు తాళంచెవి అందులోనే ఉంది. దాన్ని సన్నటి ఊచతో వెనక్కి నెట్టేస్తే మిగతాది చిటికెలో పని, నాకు తెలుసు. ఆయన ఊచ తీసి ఒళ్ళో పెట్టుకున్నారు.

"బంగారూ, ఏం చేస్తున్నావమ్మా లోపల?"

ఏడుపు ఆగింది. "నువ్వెవరు?"

"తాళాలు బాగుచేస్తాను. తలుపు తియ్యనా?"

"వద్దు! నాన్న అరుస్తున్నాడు."

కుర్రాడు తల దించుకున్నాడు. "నాన్న ఇక అరవడులే," అన్నారు మా ఆయన. "మరి ఎలా?"

"నేనే తీస్తా."

"సరే, తియ్యి."

కాసేపు లోపల తాళంచెవి కటకటలాడింది. రాలేదు. మళ్ళీ కటకట. తల్లి ఉండబట్టలేక వంగి అడిగింది. "మీరు తీసెయ్యొచ్చు కదండీ? తీయలేరా?"

"తీయగలనమ్మా. తను తీస్తానంటోంది కదా."

అలా కూర్చునే ఉన్నారు. మోకాలు నొప్పి పుడుతోందని నాకు తెలుస్తూనే ఉంది. లోపల పిల్ల తనలో తను ఏదో గొణుక్కుంటోంది, తాళాన్ని తిడుతోంది కాబోలు. చివరికి ఒక పెద్ద నిట్టూర్పు వినిపించింది.

"తాతా, రావట్లేదు. నువ్వే తియ్యి."

"తియ్యనా మరి? అయితే మంచం దగ్గరికి వెళ్ళి కూర్చో. కూర్చున్నావా?"

"ఆఁ."

ఊచ పెట్టారు. లోపల తాళంచెవి నేల మీద పడిన చప్పుడు, ఇంకో చిన్న చప్పుడు, తలుపు తెరుచుకుంది. పిల్ల మంచం మీద బుద్ధిగా కూర్చుని ఉంది. కుర్రాడు పరిగెత్తలేదు. గుమ్మంలోనే నిలబడి, "రానా?" అని అడిగాడు. అది చేతులు చాపింది.

తిరిగొస్తుంటే మా ఆయన సంచీ ఒళ్ళో పెట్టుకుని నా వెనక కూర్చున్నారు.

"నేను తాతలా ఉన్నానా?" అన్నారు సగం దూరం వచ్చాక.

"జుట్టుకి రంగు మానేస్తే మరేమంటారు?"

నవ్వలేదు. వీధి మలుపు దగ్గర స్కూటరు నెమ్మది చేస్తే, నా చెవి దగ్గరగా అన్నారు. "ఆ సినిమాల్లో తండ్రికి ఎవరో ఒకరు ఫోను చేస్తారు చూడు. నీ కూతురు ఫలానా చోట ఉంది, దమ్ముంటే రా అని. మనకెవరు చేస్తారు? ఇది హాస్టల్‌కి వెళ్ళిపోతే దానికేమైందో ఎలా తెలుస్తుంది? పక్కనున్నప్పుడే తెలియడం లేదు."

రాత్రి పడుకునే ముందు దాని గది తలుపు కింద వెలుతురు గీత చూడకుండా నేనూ మంచమెక్కను.

"తాళంచెవి ఉంటే తెలుస్తుందా మరి?" అన్నాను.

ఆయన ఒళ్ళో సంచీ సర్దుకున్నారు.

ఇంటికొచ్చేసరికి అత్తగారు ఆగిపోయిన బొమ్మని చూస్తూ కూర్చున్నారు. హీరో గాల్లో ఉన్నాడు. "వీణ్ణి కిందకి దింపండర్రా, పాపం," అన్నారు.

నేను టీ పెట్టడానికి లోపలికి వెళ్ళాను. గ్లాసులతో తిరిగొచ్చేసరికి పలక మీద ఒక మేకు ఖాళీగా ఉంది. మా ఆయన అమ్మాయి గది ముందు నిలబడి ఉన్నారు. తలుపు మీద వేలితో కొట్టి, రెండడుగులు వెనక్కి జరిగారు. మళ్ళీ కొట్టలేదు. నా చేతిలో గ్లాసులు కాలుతున్నా నేనూ కదల్లేదు.

తలుపు తెరుచుకుంది.

"ఇదుగో," అని మారుతాళం చాపారు. అట్టముక్క ఇంకా దానికే వేలాడుతోంది. "నన్ను అడిగి కొనుక్కోలేదు, నిన్ను అడిగి నేను చెయ్యలేదు. ఉంచుకుంటావో పారేస్తావో నీ ఇష్టం. ఇంకోటి చెయ్యను."

"అచ్చు మిషన్లో ఉంది కదా?" అంది అమ్మాయి. తెలిసే అడిగింది, తాళాలవాడి కూతురు మరి.

"మిషన్లో అచ్చులుండవే పిచ్చిదానా. అసలు తాళంచెవి ఎదురుగా పెడితే గానీ అది కొయ్యదు. నీకు తెలీదూ!"

అమ్మాయి నవ్వు ఆపుకుంది. తాళంచెవి తీసుకుంది, తలుపు వేసుకుంది. తాళం తిరిగింది. మా ఆయన వచ్చి కుర్చీలో కూర్చుని సినిమా నడిపించారు గానీ చప్పుడు తగ్గించే ఉంచారు. గాల్లో ఉన్నవాడు కిందకి దూకాడు. ఆయన మాత్రం గ్లాసులోకే చూస్తున్నారు.

టీ చల్లారిపోయాక అమ్మాయి బయటికొచ్చింది. నేరుగా వాళ్ళ నాయనమ్మ దగ్గరికి వెళ్ళి, ఆవిడ గుప్పిట్లో మారుతాళం పెట్టింది.

"ఇది నీ దగ్గర ఉంచు నాయనమ్మా."

"నా దగ్గరా? ఎక్కడ పెట్టానో నాకే గుర్తుండదే!"

"అందుకే నీకిస్తున్నా."

మా ఆయన టీవీ ఆపేశారు. అమ్మాయి ముగ్గురి వైపూ చూసి, పెద్ద విశేషమేం కాదన్నట్టు, చల్లారిన టీ గ్లాసు చేతిలోకి తీసుకుంటూ చెప్పింది.

"పరీక్షలయ్యేదాకా ఇక్కడే ఉంటాను. తర్వాత వెళ్ళాలనిపిస్తే వెళ్తాను. వెళ్ళేముందు చెప్తాను."