పొడుగు చేతుల గౌను

ప్రతి ఆదివారం పదిన్నరకల్లా టైలరమ్మ వృద్ధాశ్రమంలో ఉంటుంది. తల్లిని పలకరించకముందే నీళ్ల జగ్గు మూత తీసి వాసన చూస్తుంది, పక్కదుప్పటి ఎప్పుడు మార్చారని ఆరా తీస్తుంది, గోడకున్న చార్టు చదువుతుంది. అమ్మని రెండు గంటలకోసారి పక్కకి తిప్పి పడుకోబెట్టినట్టు అందులో ఆరుగురి సంతకాలుంటాయి. ఆ చార్టు చూసే సర్కారు ఆశ్రమానికి గ్రాంటు ఇస్తుంది.

అయినా అమ్మ నడుం కింద పుండు పడింది. ఆ సంగతి చెప్పింది ఆ ఆరుగురిలో ఒకతైన ఆయానే. దాంతో టైలరమ్మకి ఆయా మీదే అనుమానం. ఎప్పుడు చూసినా పరుగే, ఒకచోట నిలబడదు. పని ఎగ్గొట్టేవాళ్లకే అంత హడావిడి అనుకుని, ఆయా మీద పెద్ద ఫిర్యాదు రాసి సర్కారుకి పంపింది.

ఈ ఆదివారం తనిఖీకి అధికారిణి వచ్చింది. ఎండలు మండిపోతుంటే ముసలివాళ్లందరికీ వీపున బొత్తాలున్న పొడుగు చేతుల గౌన్లు తొడిగారు.

"ఇంత ఎండలో ఇదేం చోద్యమండీ?" అంది టైలరమ్మ.

"గాలి తగలకుండా అమ్మా" అన్నాడు మేనేజరు. "మీ గొడవ కూడా తీరిపోయింది. ఆయాని ఇవాళే పంపించేస్తున్నాం."

తలుపు దగ్గరున్న ఆయా కుడిచేత్తో చెమట తుడుచుకుంది, ఆ చేతి చిటికెనవేలు వంకర. మేనేజరు అంత తేలిగ్గా ఒప్పుకోవడం టైలరమ్మకి మింగుడు పడలేదు. గోడవైపు తిరిగి పడుకున్న అమ్మ గౌను బొత్తాలు చకచకా విప్పేసింది.

వయసు మళ్లినవాళ్లని ముట్టుకుంటే చేతి అచ్చు సిరా రంగులో ఎనిమిది రోజులుంటుంది. అది అందరికీ తెలిసిందే. అమ్మ వీపు నిండా అచ్చులే. కొలతలు తీసి బతికే మనిషికి టేపు అవసరం లేకపోయింది. అన్నీ ఒకే సైజు, ప్రతి కుడిచేతికీ చిటికెనవేలు వంకర. అది ఆయా వేలు.

అధికారిణి చార్టు చూసింది, వీపు చూసింది.

"మిగతా అయిదుగురూ ఏరండీ?"

మేనేజరు ఆయా వైపు చూశాడు.

"నలభై మంచాలు మేడమ్" అంది ఆయా. "రోజుకి రెండుసార్లు తిప్పడమే గగనమైపోతోంది. పుండు నావల్లే పడింది."

టైలరమ్మకి సిగ్గుతో ప్రాణం చచ్చిపోయింది. అధికారిణిని అడిగి తన ఫిర్యాదు తీసుకుని, ఆయా అన్నచోటల్లా కొట్టేసి మేనేజరని రాసిచ్చింది.

ఆయాని తీసెయ్యడానికి వీల్లేదనీ, మిగతా అయిదుగురి అచ్చులు కనబడ్డాకే గ్రాంటనీ అధికారిణి ఉత్తర్వు రాసేసింది. తర్వాత పద్ధతి ప్రకారం అమ్మని నుదుటి నుంచి అరిపాదాల దాకా మరోసారి పరిశీలించింది. ఆయావి తప్ప ఇంకెవరి అచ్చూ లేదు.

"పోయిన ఆదివారం మీరు రాలేదా అమ్మా?" అని మామూలుగానే అడిగింది.

టైలరమ్మ రెండు చేతులూ వెనక్కి దాచుకుంది.