కైంకర్యం చెప్పుకోకూడదు

ఫోన్‌ను నీళ్ల చెంబుకు ఆనించి నిలబెట్టి శ్రీకరి ఎదురుగా కూర్చుంది. తెర మీద, సీటు కోసం ఇంటర్వ్యూ చేస్తున్న హైదరాబాదు మేడం. గణితం చదివే పిల్లలకు హర్యానాలోని ఒక విశ్వవిద్యాలయం ఫీజూ భోజనమూ ఉచితంగా ఇస్తుంది. శ్రీకరి మార్కులు వాళ్లకు నచ్చాయి. ఇక మిగిలింది ఈ ఇంటర్వ్యూనే. ఇది తప్పితే ఊరి బయటి ఇంజనీరింగ్ కాలేజీ. దాని బస్సు వీధి చివరికే వస్తుంది. కానీ శ్రీకరికి ఆ చదువు ఇష్టం లేదు.

గడప దగ్గర పీట వేసుకుని వకుళాదేవి వింటోంది. మొదట కోడలు పోయింది, తర్వాత భర్త. ఇప్పుడు ఇంట్లో కొడుకు సంపత్కుమార్, ఈ మనవరాలు. ఎవరైనా సంచి సర్దుతుంటే చాలు, ఆమెకు గుండె దడ.

"లెక్కల్లో నీకు తిరుగులేదమ్మా. చదువు కాకుండా ఇంకేం చేస్తావు? ఆటలు, పాటలు, ఏదైనా సేవ?" మేడం అడిగింది.

శ్రీకరి నోరు తెరవబోయి అవ్వ వైపు చూసింది.

పక్షవాతంతో మంచాన పడ్డ తాతను చివరిదాకా చూసింది ఆ పిల్లే. పొద్దున ఒళ్లు తుడిచి నుదుట తిరుమణి నామం దిద్దేది. సాయంత్రం గుటక గుటకగా గంజి తాగించి, మాట పడిపోయిన మనిషికి ఆళ్వార్ల పాశురాలు వినిపించేది. తోటిపిల్లలు ఆటలకు పోయిన వేళ ఆయనకు పుండ్లు పడకుండా పక్కకు తిప్పేది. ఒకసారి పక్కింటావిడకు ఆ సంగతి చెప్పబోతే వకుళాదేవే ఆపింది. తరతరాలుగా కోవెల సేవలో ఉన్న ఇల్లు అది. దేవుడికైనా పెద్దలకైనా చేసిన కైంకర్యం నోటితో చెప్పుకుంటే దక్కదని వాళ్ల నమ్మకం.

ఇప్పుడు చెప్పమని అవ్వ తల ఊపితే చాలు. ఆ సంగతి వకుళాదేవికి తెలుసు. ఆమె తల దించుకుని చీర కుచ్చిళ్లు సర్దుకుంది.

"ఏమీ లేదు మేడం," అంది శ్రీకరి.

"ఏమీ లేకుండా ఎలా? సెలవుల్లో?"

"ఇంట్లోనే ఉంటాను మేడం."

వారం తిరక్కుండానే సీటు లేదని తెలిసింది.

"పోనీలే పాపా. ఈడే ఇంజనీరింగ్ చదివితే శ్రీ సిటీ కంపెనీల్లో ఉద్యోగం దొరుకుతాది. ఆ ఎండు రొట్టెలు తింటా నువ్వు ఆడ ఉండగలవా?" అని సంపత్కుమార్ నవ్వించబోయాడు. ఎవరూ నవ్వలేదు.

ఆయన ఆఫీసుకు పోయాక శ్రీకరి వంటింట్లోకి వచ్చింది.

"అవ్వా, కైంకర్యం చెప్పకూడదని తల దించుకున్నావా, నన్ను పంపకూడదనా?"

వకుళాదేవి పొయ్యి తగ్గించింది. తగ్గించాల్సిన పనేమీ లేదు.

"నువ్వే చెప్పుండచ్చు గదా," అంది చివరికి.

"నీ మాట ఎప్పుడైనా మీరినానా?"

ముసలామె తగ్గించిన పొయ్యిని మళ్లీ పెంచింది.

కాలేజీలో చేరే రోజు సంపత్కుమార్ స్కూటరుకు పరుపుచుట్ట కట్టాడు. వకుళాదేవి వాకిట్లోకి వచ్చింది.

"బస్సు ఉండాది గదమ్మా. పరుపెందుకు?"

"హాస్టల్లో ఉంటానవ్వా."

"అరగంట దూరానికి హాస్టలా?"

"నాయనకు చెప్పినాను. ఒప్పుకున్నాడు."

"ఆదివారాలన్నా వస్తావా?"

శ్రీకరి వంగి, ఎప్పటిలాగే శ్రద్ధగా, రెండు చేతులతో అవ్వ కాళ్లకు దండం పెట్టింది.

"పరీక్షలుంటాయవ్వా," అని స్కూటరెక్కింది.